మోగేది గది, నింద స్పీకర్‌కి

ఒక సిమెంటు గది 4 మీటర్ల పొడవుందనుకుందాం. పాటలో 43 హెర్ట్జ్ దగ్గరి బేస్ ఎదురెదురు గోడల పక్కన గుమ్మని మోగుతుంది, నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. సరిగ్గా సగం తరంగం ఆ గోడల మధ్య ఇమిడిపోవడమే కారణం. లక్షలు పోసి కొన్న స్పీకరైనా దీన్ని తప్పించుకోలేదు.

ఈ జబ్బుకు మందు వెతకడం ఇళ్లల్లో మొదలవలేదు. 1960లలో టెక్సస్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త సి.పి. బోనర్ పెద్ద హాళ్లలో అనవసరంగా మోగే స్వరాలను ఒక్కొక్కటే పట్టుకుని, సన్నని ఫిల్టర్లతో అణిచేవాడు. ఆయన చేసింది తగ్గించడమే. తర్వాతి తరాలు ఈ సంగతి మరవకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఆ విద్య సినిమా హాళ్లకూ పాకింది. ఎక్స్-కర్వ్ అనే కొలత గీత 1977లో అంతర్జాతీయ ప్రమాణమైంది. 2000 హెర్ట్జ్ దాటాక ఆక్టేవ్‌కు 3 డెసిబెళ్ల చొప్పున దిగే గీత అది. హాల్లో మైకు పెట్టి, స్పీకర్ల ధ్వనిని ఆ గీతకు సరిపెట్టేవారు. కానీ మైకు నేరుగా వచ్చిన ధ్వనినీ, గోడకు తగిలి వచ్చిన ధ్వనినీ కలిపేసి కొలుస్తుంది. చెవి, దాని వెనకున్న మెదడు చాలావరకు వాటిని విడదీసుకుంటాయి. 2015లో ధ్వనిశాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ ఈ పద్ధతిని తప్పుపట్టింది ఇందుకే.

గది మోతకు డిజిటల్ సవరణ ఇళ్లలో విస్తరించింది ఈ శతాబ్దంలోనే. స్వీడన్‌లో 2001లో డిరాక్, అమెరికాలో 2002లో ఆడిస్సీ సంస్థలు పుట్టాయి. మరి మేలు జరిగిందా? 2009లో ధ్వని పరిశోధకుడు షాన్ ఆలివ్ బృందం శిక్షణ పొందిన శ్రోతలకు పేర్లు చెప్పకుండా పలు సవరణలు వినిపించింది. కొన్ని, ఏ సవరణా లేని ధ్వనిని సులువుగా మించాయి. ఒకటి మాత్రం దానికంటే తక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆలివ్ పనిచేసిన ఆడియో సంస్థ హార్మన్ సొంత పద్ధతులూ పోటీలో ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. అయినా సవరణ పేరుతో ధ్వని చెడిపోగలదన్న రుజువు చిన్నది కాదు.

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మాయమైన బేస్‌ను పూడ్చాలని 10 డెసిబెళ్లు పెంచితే ఆంప్లిఫైయర్ పది రెట్లు శక్తి పెట్టాలి. గోడ నుంచి తిరిగొచ్చే తరంగమూ అంతే పెరుగుతుంది కనుక గుంట పూడదు. అక్కడ కుర్చీ జరపడమే వైద్యం. రెండోది, చక్కగా తయారైన స్పీకర్ పై స్వరాలను గది కొలత చూసి దిద్దడం. అలా దిద్దితే గాయకుడి గొంతు రంగే మారిపోతుంది.

దాదాపు 300 హెర్ట్జ్ లోపు మోతను తగ్గించడంలో మాత్రం ఈ సవరణకు సాటి లేదు. 2017లో వచ్చిన ఆడిస్సీ ఫోన్ యాప్‌లో దిద్దుబాటు ఎక్కడ ఆగాలో ఆ హద్దును శ్రోతే గీసుకోవచ్చు.