పిల్లల నడక లోపాలు: నాడీ సంబంధ కారణాల నిర్ధారణ చరిత్ర

ఏడాదిన్నర దాటినా అడుగు వేయకపోవడం, మునివేళ్ల మీద నడవడం, తూలిపోవడం, ఊరికే పడిపోతుండడం, వచ్చిన నడక మళ్లీ పోవడం. చూసేవాళ్లకు ఇవన్నీ కాళ్ల జబ్బులే. లోపం మాత్రం మెదడులో ఉండవచ్చు, వెన్నుపాములో ఉండవచ్చు, నరంలోనో కండరంలోనో ఉండవచ్చు. అది ఎక్కడుందో తేల్చడానికి వైద్యులు పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి పాటుపడుతున్నారు. ఒకే పేరు కింద కలిపేసిన పిల్లల్లోంచి వేరే జబ్బు ఉన్నవాళ్లను గుర్తించి బయటికి తీయడమే ఈ చరిత్రలో పెద్ద భాగం.

లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్‌కు చిన్నతనంలో పోలియో వచ్చి పాదం వంకర తిరిగింది. 1836లో జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, శస్త్రవైద్యుడు లూయీ స్ట్రోమేయర్ చేత మడమ స్నాయువు కోయించుకుని పాదం సరిచేయించుకున్నాడు. ఆ శస్త్రచికిత్సనే నేర్చుకుని ఇంగ్లండ్‌లో ఇతరులకు చేశాడు. తన దగ్గరకు వచ్చే పిల్లల్లో కొందరి కాళ్లు తన కాలిలా మెత్తబడకుండా బిగుసుకుపోయి, కత్తెరలా ఒకదాని మీదికొకటి వస్తుండడం గమనించాడు. వాళ్లలో చాలామంది కష్టమైన కాన్పులో పుట్టినవాళ్లు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఊపిరి అందనివాళ్లు. 1861లో లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ముందు ఈ సంబంధాన్ని వివరించాడు. చాలాకాలం ఈ స్థితిని ‘లిటిల్ జబ్బు’ అనే పిలిచారు; నేటి సెరిబ్రల్ పాల్సీలో (ఎదిగే మెదడు దెబ్బతిని వచ్చే కదలిక లోపంలో) అది ముఖ్య రూపం. ‘పుట్టగానే ఏడ్చాడా?’ అని పిల్లల డాక్టరు తల్లిని మొదట అడిగే ప్రశ్న ఆ పరిశీలన దారిలోదే.

వైద్యుడు విలియం ఆస్లర్ 1889లో 151 మంది పిల్లల వివరాలతో మెదడు లోపం వల్ల వచ్చే ఈ పక్షవాతాల మీద పుస్తకం రాశాడు. మనోవిశ్లేషణతో పేరు తెచ్చుకోకముందు వియన్నాలో నాడీవైద్యుడిగా పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897 నాటి గ్రంథంలో లిటిల్ వాదాన్ని తిరగేసి చూశాడు. కష్టమైన కాన్పే అసలు కారణం కాకపోవచ్చు, గర్భంలోనే బిడ్డ ఎదుగుదలలో వచ్చిన తేడా వల్ల కాన్పు కష్టమై ఉండవచ్చు అన్నాడు. ఆ మాటను దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో వేల గర్భిణులను, వాళ్ల పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాన్ని కరిన్ నెల్సన్, జోనస్ ఎలెన్‌బర్గ్ విశ్లేషించి 1986లో ఫలితాలు ప్రకటించారు. పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం సెరిబ్రల్ పాల్సీ కేసుల్లో కొద్ది భాగానికే కారణమని తేలింది. తరతరాలుగా తల్లినీ మంత్రసానినీ నిందించిన సమాజానికి ఇది చిన్న విషయం కాదు.

కండరాల జబ్బుల కథ వేరే దారిలో నడిచింది. లండన్‌లో ఎడ్వర్డ్ మెర్యాన్ 1852లో అన్నదమ్ముల్లో వరసగా వచ్చే ఒక బలహీనతను వర్ణించాడు. చనిపోయిన బాలుడి శరీరం పరీక్షిస్తే వెన్నుపాము, నరాలు బాగానే ఉన్నాయి, కండరం మాత్రం నాశనమైంది. ప్యారిస్‌లో గియోమ్ డ్యూషెన్ తాను తయారుచేసుకున్న సూదితో బతికున్న రోగుల కండరం నుంచే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశాడు; 1868లో పదమూడు కేసులు ప్రచురించాడు. పిక్కలు లావుగా, పుష్టిగా కనిపిస్తూనే బలం లేకపోవడం ఈ జబ్బు చేసే మోసం. 1879లో విలియం గవర్స్ దీన్ని పట్టుకునే తేలిక గుర్తును విపులంగా వర్ణించాడు. నేల మీద కూర్చున్న పిల్లవాణ్ని లేవమంటే ముందు నాలుగు కాళ్ల మీదికి వచ్చి, మోకాళ్ల మీద, తొడల మీద చేతులూనుకుంటూ తన ఒంటినే పట్టుకుని పైకి ఎక్కుతాడు. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు, అర నిమిషం చాలు. పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో ఇప్పటికీ ఇంతకు మించిన తొలి పరీక్ష లేదు.

1959లో జపాన్‌లో సెత్సురో ఎబాషి బృందం ఈ పిల్లల రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే కండర ఎంజైము విపరీతంగా పెరుగుతుందని చూపింది. 1987లో లోపించిన ప్రొటీన్ డిస్ట్రోఫిన్ దొరికింది. ఇంత తెలిసినా ఒక పొరపాటు మాత్రం పోలేదు. కాలేయ పరీక్షల్లో చూసే రెండు ఎంజైములు దెబ్బతిన్న కండరం నుంచి కూడా రక్తంలోకి వస్తాయి. దాంతో కొందరు పిల్లలను నెలల తరబడి కాలేయ జబ్బు కోసం తిప్పుతారు. క్రియాటిన్ కైనేజ్ ఒక్కటి చూస్తే ఆ తిప్పట తప్పేది.

మెదడును బతికుండగా చూడడం 1970లలో సీటీతో, ఆ తర్వాత ఎంఆర్‌ఐతో సాధ్యమైంది. నెలలు నిండని బిడ్డల్లో మెదడు లోపలి ద్రవపు గదుల పక్కనున్న తెల్లపదార్థం దెబ్బతింటుంది. కాళ్లకు ఆజ్ఞలు మోసే నాడీతంతువులు ఆ గదులకు అతి దగ్గరగా పోతాయి. అందుకే వాళ్లకు చేతులకంటే కాళ్లే ఎక్కువ బిగుసుకుంటాయి. లిటిల్ కంటితో చూసినదానికి కారణం ఇలా బొమ్మలో దొరికింది.

బొమ్మలో ఏమీ కనిపించని పిల్లల విషయమే అన్నిటికంటే ముఖ్యం. టోక్యోలో మసాయా సెగావా 1971లో ఒక వింత జబ్బును వర్ణించాడు. ఉదయం బాగానే నడిచే పిల్ల సాయంత్రానికి పాదం మెలి తిరిగి నడవలేకపోతుంది, నిద్రపోయి లేస్తే మళ్లీ తేరుకుంటుంది. మెదడులో డోపమైన్ తయారీ తగ్గడం దీనికి మూలం. కొద్దిపాటి లెవోడోపా మాత్రతో ఇలాంటి పిల్లలు మామూలుగా నడుస్తారు. సెరిబ్రల్ పాల్సీ అన్న ముద్రతో ఏళ్లు గడిపి, ఆ తర్వాత ఈ మందుతో లేచి నడిచినవాళ్లు వైద్య గ్రంథాల్లో ఎందరో ఉన్నారు. అమెరికాలో కవలలైన అక్కాతమ్ముళ్ల పూర్తి జన్యుక్రమాన్ని చదివి, ఇదే కోవకు చెందిన లోపాన్ని కనుక్కుని మందు సవరించిన సంగతి 2011లో ప్రచురితమైంది. అందుకే ఎంఆర్‌ఐ మామూలుగా ఉండి, బిగుతు రోజంతా ఒకేలా లేని పిల్లకు ఈ మందు ఇచ్చి చూడకుండా సెరిబ్రల్ పాల్సీ అని రాసేయడం అన్యాయం.

భారతదేశంలో ఒకప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నడక పోగొట్టింది పోలియో. దాన్ని తరిమేందుకు పెట్టిన నిఘా దానంతట అదే పెద్ద నిర్ధారణ వ్యవస్థ అయింది. పదిహేనేళ్లలోపు పిల్లల కాలు హఠాత్తుగా మెత్తబడితే, పద్నాలుగు రోజుల్లోపు, కనీసం 24 గంటల ఎడంతో రెండుసార్లు మలం నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. పోలియో కాదని తేలిన కేసుల్లో గియాన్-బారే జబ్బు, వెన్నుపాము వాపు, పిరుదులో తప్పుగా పడిన ఇంజక్షన్‌తో దెబ్బతిన్న నరం బయటపడేవి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది.

తెలుగు నేల మీద ఇంకో చిక్కు ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పెద్దవాళ్ల వెన్నెముక గట్టిపడి, వెన్నుపాము నొక్కుకుని కాళ్లు పడిపోవడాన్ని వర్ణించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ప్రకటించారు. ఒకే నీటితో పెద్దల్లో నడక పోయింది నరం వల్ల, పిల్లల్లో ఎముక వల్ల. వంకర కాలు చూడగానే నరాల జబ్బు అనుకోకూడదనడానికి నల్గొండ, ప్రకాశం పల్లెలే ఉదాహరణ.

మామూలు నడక వయసుకు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు గీసింది. భారత్‌తో సహా అయిదు దేశాల ఆరోగ్యవంతులైన పిల్లల్లో దాదాపు అందరూ 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఒంటరిగా నడిచారు. అయితే నడక వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మూడు నుంచి అయిదు నెలల వయసులో పడుకున్న బిడ్డ చేసే సన్నటి కదలికలను వీడియోలో చూసి ముప్పును పసిగట్టవచ్చని హైంజ్ ప్రెక్టల్ బృందం 1997లో చూపింది. వెన్నుపాములోని నాడీకణాలు నశించి కండరాలు కరిగిపోయే ‘వెన్నుపాము కండర క్షీణత’ జబ్బుకు కారణమైన జన్యువు 1995లో దొరికింది, 2016లో మందు వచ్చింది. లక్షణాలు మొదలవకముందే మొదలుపెడితే ఆ మందు ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. కొన్ని దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కలోనే దీన్ని వెతుకుతారు. మన దగ్గర ఆ పరీక్ష ప్రతి ప్రసూతి ఆసుపత్రికీ చేరలేదు. ఎక్కువ మంది పిల్లల్లో జబ్బు బయటపడేది మెడ నిలపలేదనో, కాళ్లు ఆడించడం లేదనో ఇంట్లోవాళ్లు గమనించి తీసుకొచ్చినప్పుడే.