గాలిపటపు దారము కథ

సంక్రాంతి వెళ్ళి ఉగాది వచ్చేనాటికి మన పిల్లల గాలిపటములు చినిగి ఎక్కడివక్కడ పోతాయి. దారము మాత్రము చరఖాకు చుట్టబడి అటకమీద మిగులుతుంది. గాలిపటము రంగును, తోకను అందరమూ మెచ్చుకొంటాము. దారమును తలచేవారు తక్కువ. కాని చరిత్రను చూచినచో గాలిపటము పేరు మీద జరిగిన గొప్ప పనులలో సగము దారము చేసినవే.

గాలిపటము పుట్టినది చీనా దేశములో. అక్కడ పట్టు పండుతుంది గనుక పట్టుదారము వాడినారు. మన దేశములో నూలుదారము వాడుకలోనికి వచ్చినది. ఆ నూలుకు అన్నపు గంజి, మెత్తగా నూరిన గాజుపొడి, రంగు కలిపి పట్టించి ఎండబెట్టినచో అది మాంజా అగును. ఉత్తరాదిని బరేలీ, మన హైదరాబాదులో ధూల్‌పేట దీనికి పేరుపడినవి. షోలాపురములోని మన నేత కుటుంబములకు ఈ విద్య కొత్త కాదు. పడుగు పోగులు రాపిడికి తెగకుండా గంజి పట్టించుట వారికి తాతలనాటి పని. మగ్గము మీద గంజి పోగును కాపాడుతుంది. మాంజాలో అదే గంజి గాజును పోగుకు అంటిస్తుంది. గంజి ఒక్కటే, ఒకచోట నేయుటకు, మరొకచోట కోయుటకు!

1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మబ్బులలోని మెరుపు విద్యుత్తేనని గాలిపటముతో పరీక్షింపబూనినాడు. వానకు తడిసిన నారత్రాడు విద్యుత్తును క్రిందికి తెచ్చును. అందుచేత చేత పట్టుకొను చివర పట్టుదారము కట్టవలెననియు, అది తడవకుండా మనిషి కప్పు క్రింద నిలువవలెననియు ఆయన వ్రాసినాడు. దారము పొడిగా ఉండుట మీద ప్రాణమే ఆధారపడినదన్న మాట.

మా రైల్వేవారికి మరింత ఇష్టమైన కథ నయాగరా నదిది. 1848లో ఆ లోతైన కనుమపై వంతెన కట్టదలచిన ఇంజనీరు చార్లెస్ ఎలెట్‌కు మొదటి తాడును ఆవలి గట్టుకు చేర్చుటే కష్టమైనది. గాలిపటముతో దారము దాటించినవారికి బహుమానము ప్రకటించినారు. హోమన్ వాల్ష్ అను బాలుడు ఎగురవేసిన గాలిపటపు దారము మంచుగడ్డల అంచుకు రాసుకొని తెగిపోయినది. నదిలో మంచు నిండి పడవలు ఆగిపోగా కుర్రవాడు కొన్ని దినములు ఆవలి గట్టునే చిక్కుకొన్నాడు. తరువాత గాలిపటమును బాగుచేసి మరల ఎగురవేసి గెలిచినాడు. ఆ దారమునకు కొంచెము లావు దారము, దానికి తాడు, తాడుకు ఇనుప తీగ కట్టి లాగినారు. అట్లు వెలసిన వంతెన చోటనే 1855లో జాన్ రోబ్లింగ్ కట్టిన వేలాడు వంతెన మీద రైలుబండ్లు నడిచినవి.

అప్పుడు దారము రైలుకు దారి చూపినది. ఇప్పుడు అదే దారము రైలుకు అడ్డు వచ్చుచున్నది. మన దేశములో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో 1,500 వోల్టులతో నడిచినది. నేడు మార్గముల పైనున్న తీగలలో 25,000 వోల్టులు పారుతున్నవి. తడిసిన దారము గాని, లోహపు పొడి పూసిన మాంజా గాని వానిని తాకినచో ఫ్రాంక్లిన్ హెచ్చరిక ఎంత నిజమో తెలిసిపోవును.

1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ కనిపెట్టిన నైలాను మరొక చిక్కు తెచ్చినది. నూలు వానకు, ఎండకు కొంతకాలములో శిథిలమగును. నైలాను చెట్లపై ఏండ్ల తరబడి వ్రేలాడును. పక్షుల రెక్కలు, మోటారు సైకిలు మీద పోవువారి కంఠములు దానికి తెగినవి. అందుచే 2017 జూలై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాను మాంజాను దేశమంతటా నిషేధించినది. చైనా మాంజా అని పేరే గాని, అది మన దేశములోనూ తయారైనదే.

కనుక ఈ ఉగాదికి అటక దులుపునప్పుడు దారమును కూడ చూడవలెను. గాజు లేని నూలుదారమును వ్రేళ్ళతో తడిమి, నలిగిన చోట కత్తిరించి ముడివేయవలెను. ముడి ఉన్నచోట బలము తగ్గునని మరువరాదు. సముద్రపు ఒడ్డున ఎగురవేసినదైతే మంచినీటిలో జాడించి ఉప్పు పోగొట్టి, నీడన ఆరవేయవలెను. తడి తగిలినంత మాత్రాన నూలు చెడదు. తడితో చుట్టి పెట్టినప్పుడే బూజు పట్టి చెడును. చుట్టునప్పుడు మెలి పడనీయక, బిగించక వదులుగా చుట్టవలెను. మాంజాను నీట ముంచినచో గంజి కరగి గాజు రాలును. దానిని పొడిగా, పసివారికి అందని చోట ఉంచవలెను. నైలాను దొరికినచో ముక్కలుగా కత్తిరించి, కాగితములో పొట్లము కట్టి పారవేయవలెను. చెట్టు మీద, స్తంభము మీద చిక్కిన దారమును చేతికందినంత వరకు తీసివేయుట పిల్లలకు నేర్పవలెను. విద్యుత్ తీగలపై చిక్కినదాని జోలికి మాత్రము పోవద్దని గట్టిగా చెప్పవలెను.

తాను ఎగురవేసిన దారము ఎక్కడ పడినదో చూచి చుట్టుకొని ఇంటికి తెచ్చువాడే మంచి ఆటగాడని రాబోవు సంక్రాంతికి మన పిల్లలచేత అనిపించుకొందము. సోదర కుటుంబములకెల్ల ఉగాది శుభాకాంక్షలు.