సామర్లకోటలో ఒక మొక్కల తోట

మా సామర్లకోట పేరు చెబితే కుమారారామ భీమేశ్వరుడు గుర్తొస్తాడు, లేదంటే రైల్వే జంక్షను. 1780ల్లో ఇక్కడొక మొక్కల తోట ఉండేదనీ, దాని పేరు లండన్ దాకా తెలుసనీ అంటే మా ఊళ్లోనే నమ్మేవాళ్లు తక్కువ.

ఆ తోట విలియం రాక్స్‌బర్గ్‌ది. స్కాట్లండు నుంచి వచ్చిన కుంపిణీ వైద్యుడు. దొరలకు డబ్బొచ్చే మొక్కలు కావాలి. ఆయన మిరియాల తీగలు పాకించాడు, చిరివేరుతో బట్టకు ఎరుపెక్కించే పని రాసిపెట్టాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో ఏలేరు గట్టున రైతులు చెరకు వేసే తీరు మీద ఆయన రాసింది అచ్చయింది. రైతులు చెప్పకపోతే ఆ దొరకు ఇవన్నీ ఎక్కడివి?



నాకు ఆసక్తి మాత్రం సోమిద చెట్టు మీద. రాజమండ్రి సర్కారు కొండల్లో దాన్ని చూసి, మహాగనికి దగ్గర చుట్టమని రాక్స్‌బర్గ్ అదే ప్రజాతిలో చేర్చాడు. సింకోనా బెరడుకు బదులు దీని బెరడు జ్వరాలకు వాడొచ్చని ప్రచారం చేశాడు. మహాగని అమెరికా చెట్టు. ఇది మన దేశంలోనూ సింహళంలోనూ పెరిగేది. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త జుస్సియో దీన్ని విడదీసి వేరే ప్రజాతి చేశాడు, పేరు మాత్రం తెలుగుదే ఉంచి ‘సోయ్‌మిడా’ అన్నాడు. అందులో ఇప్పటికీ ఉన్నది ఈ ఒక్క జాతే. మహాగనీ, మన వేపా, ఇదీ ఒకే కుటుంబం. ఆ లెక్కన దొర చుట్టరికం సరిగ్గానే పట్టాడు, వరస కాస్త తప్పాడంతే.

1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి పాతికేళ్లలో మూడు సంపుటాలుగా వచ్చింది, 300 బొమ్మలతో. బొమ్మలు వేసింది ఆయన జీతమిచ్చి పెట్టుకున్న మన దేశపు చిత్రకారులు. ఆకు ఈనెలు, పువ్వు కోస్తే లోపల కనిపించే కేసరాలు, గింజ పొర, అన్నీ విడివిడిగా గీశారు. వాళ్లెవరో పుస్తకం చెప్పదు. భారత వృక్షశాస్త్ర పితామహుడన్న బిరుదు దొరకు దక్కింది. కలకత్తాలోనూ లండన్ క్యూ తోటలోనూ ఉన్న, ఆయన వేయించిన చిత్రాలు రెండున్నర వేల పైచిలుకు. ఏదైనా మొక్కకు ఎండు నమూనా దొరకనప్పుడు, రాక్స్‌బర్గ్ ఏ మొక్కను చూసి ఆ పేరు పెట్టాడో తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలు ఇవాళ్టికీ ఆ బొమ్మలే తీసి చూస్తారు.