అగస్టీను: అలవాటను సంకెల

క్రీస్తుశకము నాలుగవ శతాబ్ది. రోము సామ్రాజ్యమునకు లోబడిన ఉత్తరాఫ్రికాలో ఒక క్రైస్తవ గృహము. భోజనమునకు ముందు పీపానుండి ద్రాక్షారసము ముంచి తెచ్చుట ఆ యింటి బాలిక పని. ముంచిన గిన్నెను కూజాలోనికి వంచక పూర్వము ఆమె పెదవి తడియునంత రుచి చూచుచుండెను. త్రాగుడుమీది మక్కువ గాదు. ఆ వయస్సునకు సహజమైన చిలిపితనము. అయినను ఆ తడి కొన్నాళ్ళకు గ్రుక్క అయ్యెను, గ్రుక్క గిన్నెడయ్యెను.

ఆ యింట ఒక వృద్ధదాసి యుండెను. బాలిక తండ్రిని పసితనమున వీపున మోసి పెంచిన మనిషి యగుటచే ఆమె మాటకు అందరును జంకుచుండిరి. భోజనవేళ తప్ప పిల్లలను మంచినీరైనను త్రాగనిచ్చెడిది కాదు. రేపు మీరు గృహిణులై కొట్టుగది మీ చేతికి వచ్చినప్పుడు నీరు రుచింపదు గాని త్రాగు అలవాటు మాత్రము నిలుచునని ఆమె హెచ్చరిక. అంతటి కాపుదలలోనే ఈ దొంగచాటు పెరిగినది. దానిని మాన్పినది ఆ వృద్ధురాలు గాదు. పీపా వద్దకు కూడ వచ్చు పడుచుదాసి యొకతె, ఒకనాడు మాటకు మాట పెరిగి, యజమానురాలి బిడ్డయని చూడక త్రాగుబోతని తిట్టెను. ఆ మాట ములుకువలె నాటెను. బాలిక ఆనాటితో మానివేసెను.

ఆమె పేరు మోనికా. ఈ కథను మనకు చెప్పినవాడు ఆమె కుమారుడు అగస్టీను (354–430). తల్లి మరణించిన పది సంవత్సరముల తరువాత, హిప్పో నగరమున బిషప్పుగా నుండి, సుమారు 397–400 నడుమ ఆతడు 13 భాగములుగా రచించిన ‘కన్ఫెషన్స్’ అను గ్రంథమున నున్నది. ఆ లాటిను పేరునకు తప్పు నొప్పుకొనుట, దైవమును స్తుతించుట అను రెండర్థములును గలవు. మహాత్ముల చరిత్రలు వ్రాయువారు సామాన్యముగా ఇట్టి సంగతులను మరుగుపరచుదురు. అగస్టీను కన్నతల్లి దోషమును కూడ దాచలేదు. తిట్టిన దాసి బాగుచేయవలెనని తిట్టలేదనియు, నొప్పించుటయే ఆమె యుద్దేశమనియు, దానినే భగవంతుడు ఔషధముగా వాడెననియు ఆతని వ్యాఖ్య.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన సామెత. అగస్టీను విచారించినది పుట్టుకతో రాని బుద్ధిని గూర్చి. మనస్సు పెడదారి పట్టినచో కోరిక పుట్టును. కోరికను కొలిచినచో అలవాటగును. అలవాటు నెదిరింపనిచో అది లేక గడవని స్థితి వచ్చును. ఒక కొక్కెములో నొకటి తగుల్కొన్న ఈ సంకెలకు ఇనుము తన మనస్సేయని ఆతడు గ్రహించెను.

ఆతని శిష్యుడును మిత్రుడును అగు అలీపియస్ కథ మరియొక విధము. కార్తేజి నగరమున చదువుకొను దినములలో ఆ యువకునకు రథపు పందెముల పిచ్చి. ఒకనాడు పాఠము నడుమ అగస్టీను ఏదో విషయము విశదము చేయుటకై పందెముల ఉపమానము తెచ్చి, ఆ వ్యసనపరులను ఎత్తిపొడిచెను. అలీపియస్ ఆతని తలపులోనే లేడు. కాని శిష్యుడు ఆ మాట తనకే యనుకొని పందెములకు పోవుట మానెను. పిదప న్యాయశాస్త్రము చదువుటకు రోమునకు పోయినప్పుడు, సహాధ్యాయులు ఆతనిని మనుష్యులు కత్తులతో పోరాడు క్రూరవినోదమునకు బలవంతముగా లాగికొనిపోయిరి. నా దేహమును కొనిపోగలరు గాని నా మనస్సును త్రిప్పలేరని ఆతని ధీమా. ఆసనమున కూర్చుండి కన్నులు గట్టిగా మూసికొనెను. ఇంతలో ఒక యోధుడు కూలెను. వేలాదిమంది ఒక్కపెట్టున అరచిరి. ఏమైనదో చూచి తృణీకరింతునని కనులు తెరచెను. అంతే. నెత్తురుతోపాటు క్రౌర్యమును త్రాగెను. అటుపిమ్మట తానే ఇతరులను వెంటబెట్టుకొని పోసాగెను. ఆ వ్యసనమునుండి ఆతడు బయటపడుటకు చాల కాలము పట్టెను.

శబ్దమే వృత్తిగా గల మావంటివారికి ఈ ఘట్టము విడిచి ముందుకు పోవుటకు మనసొప్పదు. కంటికి రెప్ప కలదు, చెవికి లేదు. మోనికాను మార్చిన తిట్టు, అలీపియస్‌ను మార్చిన ఎత్తిపొడుపు, ఆతనిని మరల పడద్రోసిన కేక, అన్నియు చెవి త్రోవనే వచ్చినవి.

ఇక అగస్టీను. కామము ఆతని సంకెల. యౌవనారంభమునుండి చాల ఏండ్లు ఒక స్త్రీతో కాపురము చేసి, అదేయొదాతుస్ అను కుమారుని గనెను. మిలాను నగరమున సంపన్న సంబంధము కుదురగా ఆమెను ఆఫ్రికాకు పంపివేసిరి. మరియొక పురుషు నెరుగనని వ్రతము పట్టి, బిడ్డను విడిచి ఆమె వెడలిపోయెను. పెండ్లికి ఇంకను రెండేండ్లు గడువుండగా, అంతవరకైనను ఆగలేక అగస్టీను వేరొకతెను చేరదీసెను. తన నీచత్వమును తానే వ్రాసికొన్నాడు గాని, ఆ తొలి స్త్రీ పేరు మాత్రము వ్రాయలేదు. అలవాటునకు మూల్యము చెల్లించునది అలవాటుపడినవాడు మాత్రమే కాదనుటకు ఆ పేరులేని స్త్రీయే సాక్షి. 386వ సంవత్సరమున మిలానులోని తోటలో పొరుగింటినుండి ఒక పసికంఠము, తీసి చదువుమని పదేపదే పలుకుట విని, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక తెరచి 13వ అధ్యాయమున కొన్ని పంక్తులు చదివి ఆతడు మారిన కథ లోకవిదితమే. మరుసటి సంవత్సరము ఈస్టరు పండుగకు అంబ్రోసు బిషప్పు చేత బాప్తిస్మము పొందెను.

సాధారణముగా కథకులు ఇచ్చటనే ముగింతురు. ఆతడు ముగింపలేదు. గ్రంథపు పదవ భాగమున, బిషప్పు పీఠముపై నున్నవాడు, తనకు ఇంకను మిగిలిన అలవాట్లను లెక్కపెట్టుచున్నాడు. వెనుకటి అలవాటు చెక్కిన బొమ్మలు కలలో మరల వచ్చుచున్నవి. ఆహారమును ఔషధమువలె పుచ్చుకొందమన్నచో, ఆకలి ఎక్కడ తీరెనో, జిహ్వచాపల్యము ఎక్కడ మొదలయ్యెనో తెలియుట లేదు. దేవాలయములోని కీర్తన భక్తికై వినుచున్నాడా, రాగమునకై వినుచున్నాడా? ఇంట కూర్చుండి బల్లి ఈగను పట్టుట చూచినను ధ్యానము చెదరుచున్నది. పొగడ్త సంగతి సరేసరి. దానిమీది ఆశ చచ్చినదో లేదో తనకే తెలియదు. తోటలోని కన్నీటికంటె ఈ జాబితాయే నాకు ఎక్కువ ధైర్యము నిచ్చును.

అందుచేతనే కాబోలు, ఆతడు హిప్పోలో తన యింటిని ఆవేశమునకు విడువక కట్టుబాట్లకు అప్పగించెను. మాటిమాటికి ఒట్టుపెట్టుకొనుట తనకు ఒకప్పటి దురలవాటని ఒక ప్రసంగములో సభాముఖమున చెప్పుకొన్నాడు. మిత్రుడు పొసిడియస్ వ్రాసిన చరిత్రలో ఆ యింటి భోజనపంక్తి కన్నులకు కట్టును. కూరగాయలు, అతిథులు వచ్చిననాడు మాంసము, మితముగా ద్రాక్షారసము. ఒట్టు నోట జారినవానికి నియమిత పాత్రలలో ఒకటి తగ్గును. ఎదుట లేనివారిని నిందించువానికి ఆ బల్లవద్ద చోటు లేదని దానిపై పద్యమే చెక్కించియుండెను. తోటి బిషప్పులు కొందరు ఆ నియమము మీరినప్పుడు, పద్యమునైనను చెరపవలెను, లేదా నేనైనను లేచిపోవలెనని కసరెను.

430వ సంవత్సరమున వాండలులు హిప్పోను ముట్టడించియుండగా ఆతనికి జ్వరము వచ్చెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలు కొన్నింటిని వ్రాయించి, మంచమున కెదురుగా గోడకు పెట్టించుకొనెను. వైద్యుడు వచ్చు వేళను, భోజనము తెచ్చు వేళను తప్ప ఎవ్వరును లోనికి రాగూడదనెను. సుమారు పది దినములు ఆతడు ఒంటరిగా ఆ గోడవంక చూచి చదువుకొనుచు, ఏడ్చుచు నుండెను.