రొయ్యల గుంటలూ, పల్లె బడీ

ఒక ప్రాంతంలో హఠాత్తుగా సంపద పుడితే అక్కడి చదువు పెరుగుతుందా? పట్నం పెరగడం అందరి కళ్ళకూ కనిపిస్తుంది. మేడలు లేస్తాయి, లాడ్జీలు వెలుస్తాయి, భూముల ధరలు మండిపోతాయి. పల్లె బడి సంగతి అంత తొందరగా తేలదు. దాన్ని తేల్చవలసింది చరిత్ర. నెల్లూరు తీరం యీ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే ఇచ్చిందని నా అభిప్రాయం.

ప్రపంచంలో యీ ప్రశ్న చమురుతో ముందుకు వచ్చింది. 1973 చివర కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. గల్ఫ్ ఎడారుల్లో పట్నాలు లేచాయి. వాటిని కట్టడానికీ, ఆ ఇళ్ళలో వంట చెయ్యడానికీ మన కూలీలు వెళ్ళారు. కడప, నెల్లూరు జిల్లాల స్త్రీలు పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి కువైట్ దారి పట్టారు. 1977లో లండన్‌ పత్రిక ‘ఎకనామిస్ట్’, హాలెండులో గ్యాసు దొరికాక అక్కడి ఇతర పరిశ్రమలు కుంటుపడిన తీరును చూసి ‘డచ్చి జబ్బు’ అని పేరు పెట్టింది. ఒక సరుకు విపరీతంగా లాభాలు పండిస్తే, మిగతా పనుల్లోని మనుషుల్నీ పెట్టుబడినీ అదే లాక్కుంటుందని దాని సారాంశం. ఆ పేరు పుట్టిననాడు లెక్కలోకి వచ్చినవి పరిశ్రమలు. బడి కాదు.

నెల్లూరు తీరానికి చమురు లేదు. 1980ల చివర రొయ్య వచ్చింది.

రొయ్యకు ముందు యీ జిల్లా సంపద వడ్లు. 19వ శతాబ్దం రెండవ సగంలో పెన్న మీద నెల్లూరు, సంగం ఆనకట్టలు నిలిచాక డెల్టా మాగాణి అయింది. నెల్లూరు మొలగొలుకులకు పేరొచ్చింది. ఆ మిగులు నుంచే, జమీందారుల, భూస్వాముల చేతుల మీదుగా, కొంత చదువు పుట్టింది. వెంకటగిరి రాజా పేరిట 1875లో నెల్లూరులో మొదలైన బడి 1920లో కళాశాల అయింది. 1951లో కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి పూనికతో జవహర్ భారతి వచ్చింది. నేను యీ దాతృత్వాన్ని పొగడబోవడం లేదు. ఆ వడ్లు పండించిన పాలేరు కొడుకు ఆ మెట్లు ఎక్కడానికి ఎన్ని తరాలు పట్టిందో తెలిసిందే. అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య కూలీల పక్షాన నిలబడవలసి వచ్చింది అందుకే. అయితే ఒక తేడా గమనించాలి. వరి మిగులు అనుభవించిన వర్గం అక్కడే బతికింది. తన బిడ్డల కోసమైనా, తన పేరు కోసమైనా, అక్కడ ఒక బడి కట్టక తప్పలేదు.

రొయ్యకు ఆ అవసరం లేదు. టైగర్ రొయ్యకు జపాన్, ఐరోపా, అమెరికా బజార్లలో గిరాకీ వుంది. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించడంతో ఎగుమతిదారుకు డాలరు మరింత తియ్యనయింది. కండలేరు ఉప్పుటేరు చుట్టూ, ముత్తుకూరు, కోట, వాకాడు, ఇందుకూరుపేట ప్రాంతాల్లో గుంటలు తవ్వారు. చిన్న రైతులూ తవ్వారు, కంపెనీలూ తవ్వాయి. పశువులు మేసే బీళ్ళు, పట్టపువారు పడవలకు నడిచే దారులు గట్ల మధ్య చిక్కుకున్నాయి. దీనికి ‘నీలి విప్లవం’ అని పేరు పెట్టారు.

యీ విప్లవంలో బడి ఎక్కడుంది?

మొదట యానాదుల సంగతి చూద్దాం. ఏళ్ళ తరబడి నేరస్థ జాతుల చట్టం కింద నలిగి, వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి కృషితో కొంత తలెత్తుకున్న జాతి అది. ఏటి గురించి వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. గుంటల యజమానికి కావలసింది సరిగ్గా ఆ నేర్పే. ముందుగా కొంత అప్పు ఇస్తాడు. కుటుంబం మొత్తం గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రింబవళ్ళు కాపలా వుంటుంది. బడి ఊళ్ళో వుంటుంది, గుడిసె ఊరికి దూరంగా గుంట గట్టున వుంటుంది. అప్పు తీరేదాకా గట్టు వదలడానికి లేదు. బడి రిజిస్టరులో పేరున్నా పిల్లవాడు అక్కడ లేడు.

హాచరీలు చాలినన్ని రాకముందు రొయ్య పిల్లను ఉప్పుటేళ్ళలోనే పట్టేవారు. మోకాటి లోతు నీళ్ళలో చిన్న వల లాగడానికి పెద్దవాళ్ళే అక్కరలేదు. స్త్రీలూ పిల్లలూ చాలు. లెక్కపెట్టి అమ్మితే సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది. అక్షరం ఇచ్చే కూలి పదేళ్ళ తర్వాతి మాట. ఆకలిగొన్న ఇంటికి ఏది ముందు? తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనేవారు యీ లెక్క చెయ్యరు.

ఆపైన నీళ్ళు. గుంటల ఉప్పు భూమిలోకి దిగి బావులు చవ్వబడ్డాయి. ట్యాంకరు వచ్చేదాకా, లేదా మరో ఊరి బావిదాకా, బిందెతో వెళ్ళేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆ బిందె ఆడపిల్ల చంకన వుంది.

పట్నం పెరిగింది, నిజమే. ఐసు ఫ్యాక్టరీలు, మేత డీలర్లు, బ్యాంకులు, లారీలు వచ్చాయి. డబ్బున్నవారి పిల్లలు నెల్లూరు హాస్టళ్ళకు వెళ్ళారు. 1979లో అక్కడ చిన్న ట్యూషన్ కేంద్రంగా మొదలైన నారాయణ సంస్థ తర్వాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. రొయ్య డబ్బే దాన్ని పెంచిందనడం చరిత్రకు అన్యాయం. కాని స్తోమతుగల ఇంటి పిల్ల ఊరి బడిని వదిలి వెళ్ళాక, ఆ బడి కోసం గట్టిగా అడిగే గొంతు కూడా ఊరు వదిలి వెళ్ళిందన్నది మాత్రం కాదనలేం.

1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. గుంటలు గుంటలే చచ్చాయి. అప్పులపాలైన చిన్న రైతు కుటుంబాల్లో మొదట ఆగిపోయేది ఫీజే. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల గుంటలను తొలగించాలనీ, పని పోయే కార్మికులకు అదనంగా ఆరేళ్ళ వేతనం ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు చేసిన తీర జలసాగు చట్టం గుంటలకు రిజిస్ట్రేషన్ ఇచ్చి నిలబెట్టింది. 2009 నుంచి వనామీ రొయ్యతో రెండో ఉప్పెన మొదలైంది.

ఇప్పుడు అదే జిల్లాలో, అవే సంవత్సరాల్లో జరిగిన మరొక కథ చెప్పాలి. తీరం వదిలి పడమటికి, వాన కోసం ఎదురుచూసే మెట్టకు వెళ్ళాలి. అక్కడ రొయ్య లేదు, డాలరు లేదు. 1991లో జిల్లాలో అక్షర జ్యోతి సాగింది. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రి దీపం కింద పలకలు పట్టారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివి కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించారు. రోసమ్మ పేరు ఊరూరా మారుమోగింది. 1992లో సారా వేలంపాటలను జిల్లా స్త్రీలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ వెనుకడుగు వల్ల ఆ చదువు విలువ తగ్గదు.

ఒకే జిల్లా, ఒకే కాలం. సంపద పొంగిన తీరాన పిల్లల చేతుల్లోంచి పలక జారింది. సంపద లేని మెట్టన తల్లుల చేతుల్లోకి పలక వచ్చింది. కాబట్టి నిర్ణాయకం డబ్బు పరిమాణం కాదని నా వాదన. పుట్టిన మిగులు ఎవరిదయింది, అది ఎవరి చేతుల్ని పనిలోకి లాక్కుంది, ఆ చేతుల యజమానులు సంఘటితంగా వున్నారా లేదా, ఇవే బడి భవిష్యత్తును తేలుస్తాయి.

దూబగుంట గురించి కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి. గుంట గట్టు మీద పెరిగిన యానాది పిల్లవాడి గురించి అంతగా రాలేదు. ఉద్యమం రచయిత దగ్గరికి తానే నడిచి వస్తుంది. మౌనంగా నలిగే జీవితం దగ్గరికి రచయితే నడిచి వెళ్ళాలి. 1990ల్లో వల లాగిన ఆ పిల్లలు యీనాడు నడివయసులో వున్నారు. వారి బిడ్డలు వనామీ గుంటల దగ్గర వున్నారా, బడిలో వున్నారా? ఆ పల్లెలకు వెళ్ళి, వారి మాటల్లోనే ఆ చరిత్రను రాసుకురావడం సాహిత్య విద్యార్థులు ఇప్పుడే చేపట్టవలసిన పని. ఆ తరం వెళ్ళిపోతే మనకు ఎగుమతి లెక్కలే మిగులుతాయి.