కడప రాతిగ్రంథమున లేని పుటలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు కడపబండ పరవని యిల్లు అరుదు. అరుగునకు ఆ బండయే. వంటింటి గట్టునకు ఆ బండయే. పెరటిచుట్టు నిలిపిన పలకయు ఆ బండయే. అనేక గ్రామములలో గ్రంథాలయపు మెట్లుకూడ ఆ రాతితోనే కట్టబడినవి. ఆ మెట్టుపై కూర్చుండి రాక్షసబల్లుల బొమ్మల పుస్తకమును త్రిప్పు బాలునకు ఒక ప్రశ్న తోచుట సహజము. “ఈ జంతువులు మన పెన్నయొడ్డునకూడ తిరిగినవా? వీని యెముకలు గండికోట కొండలలో దొరకునా?”

దొరకవు అని ఒక్కమాటలో చెప్పవచ్చును. కాని యెందుకు దొరకవో విచారించినచో, ఆ జంతువులు ఏ కాలమున జీవించినవో, ఎట్లు నశించినవో కూడ తెలియగలదు.

కడప జిల్లాయందును, చుట్టుపట్ల జిల్లాలయందును అర్ధచంద్రాకారముగ వ్యాపించియున్న రాతిపొరల ప్రదేశమొకటి కలదు. దాని వైశాల్యము సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని లోకమంతట కడప పేరుతోనే వ్యవహరింతురు. విలియం కింగ్ అను పండితుడు 1872లో ఈ పొరలను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించెను. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట అను ఊళ్ల పేర్లు నేడు రాతిపొరలకు పేర్లై దేశదేశముల శాస్త్రగ్రంథములలో నిలిచియున్నవి. ఈ భూమి ఒకనాడు లోతులేని సముద్రము. ఆ సముద్రపు టడుగున చేరిన ఇసుకయు, బురదయు, సున్నమును యుగయుగముల బరువునకు గట్టిపడి బండలైనవి. కొన్ని యిసుకరాళ్లమీద ఆనాటి అలలు గీచిన గీతలు ఇప్పటికిని చెదరక కనబడును.

ఈ బండల వయస్సును లెక్కించు సాధనమునకు ఉదాహరణము పులివెందుల యొద్దనే కలదు. తుమ్మలపల్లె గనిలో త్రవ్వితీయు యురేనియము వేంపల్లె పొరలలోనిది. యురేనియము స్థిరమైన లోహము కాదు. అది మిక్కిలి మెల్లగా, తప్పని యొక లెక్క ప్రకారము, సీసముగా మారుచుండును. యురేనియములో ముఖ్యమైన రకము సగము మారుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కావున, ఒక రాతికణమున మిగిలిన యురేనియమెంత, పుట్టిన సీసమెంత అని కొలిచినచో ఆ కణము పుట్టిన కాలము తేలును. పులివెందుల ప్రాంతమున పాతపొరల నడుమకు కరగిన ద్రవముగా చొచ్చుకొనివచ్చి గట్టిపడిన నల్లరాయి కలదు. ఈ పద్ధతిననుసరించి దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని 2008లో ప్రకటింపబడెను. అది చొచ్చిన పొరలు అంతకంటెను ప్రాచీనములు.

వేంపల్లె పొరల సున్నపురాతిలో, ఉల్లిగడ్డను అడ్డముగ కోసినట్లు పొరలు పొరలుగ ఉబికిన ఆకృతులు కొన్ని కనబడును. వానిని చూచినవారు తాబేటిచిప్ప యనియో, ఏ మహాజంతువు పెట్టిన గ్రుడ్డనియో భ్రమపడవచ్చును. అవి గ్రుడ్లు కావు, చిప్పలు కావు. కంటికి కనబడని సూక్ష్మజీవులు సముద్రపుటడుగున నాచువలె పరచుకొని, తమపై పడిన బురదను బంధించి, దానిపైకి మరల ప్రాకి, మరల బంధించి నిర్మించిన కట్టడములవి. ఆస్ట్రేలియా పడమటితీరమున షార్కు అఖాతమునందు అట్టివి నేడును పెరుగుచున్నవి. అట్టి సూక్ష్మజీవులు విడిచిన ప్రాణవాయువుచేతనే భూమి తరువాతి జీవులకు నివాసయోగ్యమైనది. కడప రాతియందున్న జీవచరిత్ర అది. రాక్షసబల్లుల చరిత్రకంటె అది ఎన్నోరెట్లు పాతది.

ఎంత పాతదో గ్రహించుటకు, ఈ 190 కోట్ల సంవత్సరములను 190 పుటల గ్రంథముగ భావింపవచ్చును. ఒక్కొక్క పుట ఒక కోటి సంవత్సరములు. వేంపల్లె, పులివెందుల పొరలు మొదటి పుటలు. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందు త్రవ్వితీయు పలకరాళ్లు ఆ తరువాతివి. అయినను, అవి ఏర్పడునాటికి భూమిమీద ఎముకగల జీవి యింకను పుట్టలేదు. చేపలవంటి ప్రాణులు కనబడుట సుమారు 138వ పుటయందు. రాక్షసబల్లులు ప్రవేశించుట 167వ పుట ప్రాంతమున. అవి నిష్క్రమించుట 184వ పుటలో. పుటకు ముప్పది పంక్తులైనచో, మనుష్యజాతి కథ యంతయు 190వ పుటయందలి కడపటి పంక్తిలో ముగియును. కడప రాతిగ్రంథమున ఆది పుటలు భద్రముగ నున్నవి. పెన్న, కుందు నదులు నిన్నమొన్న పరచిన యిసుకయు, ఒండ్రుమట్టియు చివరి పంక్తులుగ నున్నవి. ఈ మూడు ప్రాంతములకు సంబంధించినంతవరకు, రాక్షసబల్లుల కాలపు పుటలు ఆ నడుమ లేనివి.

పుటలు లేకపోవుటచేత ఆ జంతువులు ఇచట తిరుగలేదని నిర్ణయింపరాదు. ఎముక శిలగా మారవలెనన్నచో, జంతువు చచ్చిన వెంటనే దానిపై మన్ను కప్పవలెను. ఆ మన్ను కదలక, పొరపై పొరగ పేరుకొనవలెను. ఆ కాలమున ఈ ప్రాంతము మెరకనేల. వానలు, వాగులు మట్టిని ఇచటినుండి కొనిపోయినవే గాని తెచ్చి నిలుపలేదు. రాక్షసబల్లి యొకటి గండికోటమీదుగ నడచియుండినను, దాని యడుగుజాడను దాచుకొనుటకు నేల సిద్ధముగ లేదు. వ్రాయబడని పుట వేరు, జరుగని కథ వేరు.

ఆ పుటలను చదువగోరువారు గోదావరికి పోవలెను. ప్రాణహితా-గోదావరీ లోయలో నేల దీర్ఘకాలము క్రుంగుచు పోవుటచే, నదులు తెచ్చిన బురద అచట వేల అడుగుల మందమున పేరుకొనెను. దక్షిణభారతము ఆ కాలమున ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో కలిసి యుండిన మహాఖండమునందలి భాగము. గోండుల పేరిట దానికి గోండ్వానా యను పేరు వచ్చినది. సింగరేణి బొగ్గుపొరలు ఆ లోయలోనివే. అవి రాక్షసబల్లుల పుట్టుకకు ముందటివి. వానికి పైనున్న పొరలలో రాక్షసబల్లుల యెముకలు దొరకినవి.

1958-61 మధ్య కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు ఆ లోయలో పోచంపల్లి యను గ్రామమునొద్ద త్రవ్వకములు జరిపిరి. చీరలకు ప్రసిద్ధిగన్న పోచంపల్లి వేరు. వారికి సుమారు 300 ఎముకలు లభించినవి. అవి కనీసము ఆరు జంతువులవి. వానితోపాటు పెద్ద చెట్లమ్రాకులును బయటపడినవి. కావున, ఒక వరదలో అవన్నియు కొట్టుకొనివచ్చి ఒకచోట పడినవని ఊహింపబడినది. తొడయెముక యొక్కటియే నిలువెత్తు మనిషంత పొడవు. 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి వత్సరము. ఆ జంతువునకు 1975లో “బారాపాసారస్ టాగోరీ” యను పేరు పెట్టబడెను. వంగభాషలో “బారా పా” యనగా పెద్ద కాలు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి యొద్ద దొరకిన మరియొక శాకాహారిని పి. యాదగిరి 1988లో “కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్” అను పేర వర్ణించెను. ఒక తెలుగు గ్రామము పేరు ఆ విధముగ రాక్షసబల్లి పేరిట చేరినది. కూర్చి నిలిపిన దాని యస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున చూడవచ్చును. ఈ రెండును 17 కోట్ల సంవత్సరములకు పూర్వపు జంతువులు.

“డైనోసారు” అను పేరును 1842లో ఇంగ్లండుదేశపు రిచర్డు ఓవెన్ కల్పించెను. భయంకరమైన బల్లి యని దాని యర్థము. నిజమునకు అవి బల్లులు కావు. అన్నియు భయంకరములును కావు. ఏనుగులను మించినవి కొన్ని, కోడియంత చిన్నవి కొన్ని. ఆకులు మేయునవి కొన్ని, మాంసము తినునవి కొన్ని. సుమారు 23 కోట్ల సంవత్సరముల క్రిందట పుట్టి, 16 కోట్ల సంవత్సరములకు పైగా అవి నేలనేలిన వనుట అతిశయోక్తి కాదు.

వాని కథకు చివరి పుటకూడ తెలుగునేలపైనే యున్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పశ్చిమభారతమున భూమి బీటలువారి, కరగిన రాయి వెల్లువలుగ పొంగెను. ఇప్పటి మహారాష్ట్రములో అధికభాగమును కప్పిన నల్లరాతి మెట్లకొండలు ఆ వెల్లువలే. నర్మదాతీరమున ఆ రాతి క్రింది పొరలలో రాక్షసబల్లుల యెముకలును, గూళ్లతోకూడ గ్రుడ్లును దొరకినవి. వేయి కిలోమీటర్లకు పైగా ప్రవహించి బంగాళాఖాతపు టంచును చేరిన వెల్లువలును కలవు. రాజమహేంద్రవరమునొద్ద కాతేరులోను, గోదావరి కావలియొడ్డున గౌరీపట్నము, దుద్దుకూరు ప్రాంతములలోను కంకరకై పగులగొట్టు నల్లరాయి అదియే. అచట రెండు నల్లరాతి పొరల నడుమ సముద్రపు సున్నపురాయి పలుచగ చిక్కుకొనియున్నది. దానిలోని సూక్ష్మమైన గవ్వలను గెర్టా కెల్లర్ మొదలగు శాస్త్రజ్ఞులు పరిశీలించి, అవి మహావినాశము ముగిసిన వెంటనే బ్రతికిన జీవులవని 2008లో ప్రకటించిరి. ఆ లెక్కను క్రింది నల్లరాయి వినాశమునకు ముందటిది, పైది తరువాతిది.

ఇంతలో ఆకాశమునుండి మరియొక యుత్పాతము వచ్చెను. 1980లో లూయీ అల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టరు, వారి సహచరులు ఇటలీ మొదలగు దేశములందలి ఆ కాలపు పలుచని మట్టిపొరలో ఇరిడియమను లోహము అధికముగ నున్నదని కనుగొనిరి. అది భూమిపైపొరలలో మిక్కిలి అరుదు, ఉల్కలలో అధికము. కావున సుమారు పది కిలోమీటర్ల వెడల్పుగల గ్రహశకలమొకటి భూమిని తాకినదని వారు సిద్ధాంతీకరించిరి. మెక్సికో దేశపు యుకటాన్ తీరమున పూడిపోయియున్న సుమారు 180 కిలోమీటర్ల గుండము ఆ దెబ్బ యొక్క గుర్తేయని 1991లో వెల్లడింపబడెను. ఎగసిన ధూళియు, మసియు, గంధకపు పొగయు సూర్యకాంతిని అడ్డగించినవి. మొక్కలు వాడినవి; వానిని తినునవి ఆకలిచే చచ్చినవి; వానినితిను మాంసాహారులును చచ్చినవి. భూమిమీద జీవజాతులలో సుమారు నాల్గింట మూడువంతులు అంతరించెను. గ్రహశకలమే ప్రధానకారణమని అధికసంఖ్యాకులగు పండితుల మతము. దక్కను వెల్లువలు వెడలగ్రక్కిన విషవాయువుల భాగమెంత యను చర్చ నేటికిని సాగుచున్నది.

ఖాళీయైన నేలను పాలిచ్చు జంతువులు ఆక్రమించెను. కడపకు పొరుగున బేతంచెర్ల యొద్ద బిలసర్గము గుహలలో 1880 దశకమున రాబర్టు బ్రూసు ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ త్రవ్వితీసిన యెముకలు అట్టి జంతువులవే. ఖడ్గమృగపు టెముకలుకూడ వానిలో నున్నవి. ఆ గుహల సున్నపురాయి రాక్షసబల్లులకంటె పాతది. గుహలలోని యెముకలు వానికంటె క్రొత్తవి. నడిమి పుటలు లేవనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమక్కరలేదు.

అయితే రాక్షసబల్లులు నిశ్శేషముగ నశించినవా? లేదు. రెండుకాళ్ల చిన్న రాక్షసబల్లుల యొక శాఖనుండి పక్షులు పుట్టినవి. 1861లో జర్మనీలో ఈకలు, పండ్లు రెండును గల ప్రాచీనపక్షి శిల దొరకెను; 1996లో చైనాలో ఈకలవంటి నూగుగల రాక్షసబల్లి శిల వెల్లడియయ్యెను. పక్షులలో కొన్ని జాతులు ఆ మహావినాశమును దాటి బ్రతికినవి. పెరటిలో గింజలేరు కోడి ఆ వంశములోనిదే.

ఆ వంశములోనిదే కలివికోడి. జెర్డన్ అను ఆంగ్లవైద్యుడు 1848 ప్రాంతమున దీనిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనియే తలంపబడిన ఈ రాత్రిసంచారి 1986 జనవరిలో ప్రొద్దుటూరునకు ఆగ్నేయముగనున్న లంకమల అడవులలో మరల దొరకెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకుచుండగ, స్థానికుల యడవిజ్ఞానమే దానిని పట్టియిచ్చినది. దానికొరకు అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ మార్గమునుకూడ మార్చవలసివచ్చినది. అయినను, తరువాతి దశాబ్దములలో అది కనబడుట మిక్కిలి అరుదయ్యెను. ముండ్లపొదల నడుమ కొంచెము ఖాళీనేల యున్నగాని అది బ్రతుకలేదు. పొదలు నరికినను, నేల దున్నినను దానికి చోటు లేదు.

ఆకాశమునుండి పడినదానిని రాక్షసబల్లులు ఆపజాలకపోయినవి. కలివికోడిపై పడుచున్నది గొడ్డలి, నాగలి. వానిని పట్టిన చేయి మనుష్యునిది, ఆపగల చేయియు మనుష్యునిదే. ఇరువదియైదేండ్లు ఆ 190 పుటల గ్రంథమున ఒక చుక్కకైనను చాలవు. కాని ఒక గ్రామమున పుస్తకములను చెదలు పట్టకుండ కాపాడి, రజతోత్సవము జరుపుకొనుటకు అవి చాలినవి. లంకమల పొదలలోని పుటను చినుగకుండ కాపాడుటకును అంతటి యోపికయే కావలెను. కడప రాతిగ్రంథమున రాక్షసబల్లుల యెముకలు లేవు. వాని వంశాంకురమొకటి మాత్రము ఈ జిల్లా పొదలనే నమ్ముకొనియున్నది.