ఒక వంపు, రెండు పేర్లు



పండగ పోస్టర్లు, సంఘం లోగోలు ఇప్పుడు మనమే లాప్‌టాప్‌లో వేసుకుంటున్నాం. పెన్ టూల్‌తో నాలుగు చుక్కలు సర్దితే గీత నున్నగా వంగుతుంది. ఆ వంపు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా అడిగామా? ఆ చరిత్రలో మనం నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది.

కంప్యూటర్లు రాకముందు ఓడలు కట్టేవాళ్లు సన్నటి చెక్క బద్దను వంచి, కదలకుండా బరువులు పెట్టి, దాని వెంట గీత గీసేవాళ్లు. వెదురు బద్ద వంచడం చూస్తూ పెరిగిన మనకు ఇది వింతేం కాదు. తర్వాత అంకెల ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రాలు వచ్చాయి. యంత్రానికి బద్ద చూపిస్తే అర్థం కాదు కదా, లెక్క చెప్పాలి.

ఆ లెక్కను ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్టెల్జో అనే గణితవేత్త 1959లో కనిపెట్టారు. పద్ధతి చాలా సులువు. నాలుగు చుక్కలు పెట్టి వరసగా కలపండి, మూడు గీతలొస్తాయి. ఒక్కో గీత మధ్యలో చుక్క పెట్టి, ఆ మూడింటినీ కలిపితే రెండు గీతలు. వాటి మధ్య చుక్కల్ని కలిపితే ఒకటే గీత. దాని నడిమి చుక్క వంపు మీద ఉంటుంది. అన్నిచోట్లా సగానికి బదులు పావు తీసుకుంటే వంపు మీద ఇంకో చుక్క దొరుకుతుంది. నోట్‌బుక్‌లో స్కేలుతో గీసి చూడండి.

కానీ కంపెనీ దీన్ని రహస్యంగా దాచింది. ఈలోగా రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియర్ సొంతంగా అదే వంపుకు చేరుకుని, 1960ల్లో ప్రచురించారు. లోకం దాన్ని 'బెజియర్ వంపు' అంది. కాస్టెల్జో రాతలు 1970ల్లో బయటపడ్డాక ఆ లెక్కకట్టే పద్ధతికి ఆయన పేరు పెట్టారు. వంపుకు మాత్రం బెజియర్ పేరే నిలిచిపోయింది. బెజియర్ ఏమీ దొంగిలించలేదు. ముందు కనిపెట్టినాయన పని బీరువాలో ఉండిపోయింది, అంతే.

1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్, 1987లో ఇల్లస్ట్రేటర్ ఈ వంపుల్ని బొమ్మల్లోకి, అచ్చులోకి తెచ్చాయి. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్‌లో ఇవే వంపులు మనకు ఉచితంగా దొరుకుతున్నాయి. ఫాంట్లలో అక్షరాల అంచులు కూడా ఇలాంటి వంపులే.

ఇక్కడే మన కథ కలుస్తుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో పెద్దలు కాపాడిన రాతప్రతుల వల్ల గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చేరింది. అయితే యూనికోడ్ అక్షరానికి నంబరు మాత్రమే ఇస్తుంది. దాని రూపాన్ని ఫాంట్ చేసేవాళ్లు చుక్కలు పెట్టి నిర్ణయిస్తారు. పెద్దల చేతిరాత చూడకుండా ఆ చుక్కలు పెడితే, కొన్నాళ్లకు తెర మీది రూపమే అసలుదని మన పిల్లలు నమ్ముతారు.

అందుకే ఆ టూల్ మన చేతిలోకి రావాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు పెద్దల్ని అడిగి, వాళ్లు సరేనంటే ఒక అక్షరమో, గోడ మీది ముగ్గో ఫొటో తీసి, చుక్కలు పెట్టి గీద్దాం. ఫైల్లో ఊరి పేరు, వేసినవాళ్ల పేరు, తేదీ తప్పకుండా రాద్దాం. కాస్టెల్జో రాతలు దొరకబట్టే ఆయన పేరు కొంతైనా తిరిగొచ్చింది. మన అవ్వలు గోడ మీద వేసింది మళ్లీ అలికితే పోతుంది, ఆ తర్వాత వెతికినా దొరకదు.